నమ్మకానికి కొలమానం

వర్తకానికి పెట్టుబడి ధనం ఒక్కటే కాదు, నమ్మకం కూడా. సంతలో బియ్యం కొనేవారు గింజలను అరచేతిలో పోసుకొని పరీక్షిస్తారు. బట్టల అంగడిలో నేతను వేళ్ళతో తడిమి చూస్తారు. తూకంలో మోసం చేసిన వర్తకుని సంగతి వారం తిరగకముందే ఊరంతా తెలిసిపోతుంది. మరుసటి సంతలో అతడు మళ్ళీ ఆ మనుషులకే ముఖం చూపవలసి ఉంటుంది. ఆ భయమే అతనిని చాలావరకు సక్రమమార్గంలో నిలుపుతుంది.

అంతర్జాల విపణిలో ఈ సౌకర్యాలేవీ లేవు. అమ్మేవారు ఒకచోట, కొనేవారు మరొకచోట ఉంటారు. కంటికి కనిపించేది వస్తువు కాదు, దాని బొమ్మ మాత్రమే. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇక్కడ చక్కగా వర్తిస్తుంది. ఈ లోటును పూరించడానికి ఏర్పడినదే రేటింగ్ విధానం. వస్తువును వాడినవారు ఒకటి నుండి ఐదు వరకు నక్షత్రాలిచ్చి, తమ అభిప్రాయాన్ని రాస్తారు. తరువాత వచ్చేవారికి అది దారి చూపుతుంది.

1995లో అమెరికాలో పియరీ ఒమిడ్యార్ ప్రారంభించిన వేలం సంస్థ తరువాతి కాలంలో ఈబే పేరుతో ప్రసిద్ధి చెందింది. కొన్నవారు, అమ్మినవారు ఒకరిపై ఒకరు అభిప్రాయం తెలిపే ఏర్పాటును ఆ సంస్థ 1996లో ప్రవేశపెట్టింది. ఇలా సంపాదించిన మంచిపేరుకు విలువ ఎంత? పాత పోస్టుకార్డులు అమ్మే ఒక అనుభవజ్ఞుడు ఒకే రకమైన కార్డులను కొన్నింటిని తన పాత పేరుతోను, కొన్నింటిని కొత్త పేర్లతోను ఈబేలో అమ్మకానికి పెట్టాడు. పాత పేరుకు సుమారు 8 శాతం అధిక ధర పలికిందని 2006లో ప్రచురితమైన ఆ పరిశోధన తెలిపింది.

మంచిపేరుకు ధర ఉన్నచోట, దానిని దొంగదారిలో సంపాదించాలని చూసేవారూ ఉంటారు. ఈ విధానం ఎంత బలహీనమైనదో నిరూపించడానికి 2017లో ఊబా బట్లర్ అనే రచయిత లండన్‌లోని తన పెరటి పాకను భోజనశాలగా ట్రిప్‌అడ్వైజర్‌లో నమోదు చేశాడు. అక్కడ వంట లేదు, వడ్డన లేదు. మిత్రుల చేత పొగడ్తలు రాయించాడు. కొన్ని నెలలలోనే ఆ పాక లండన్ భోజనశాలలలో ప్రథమస్థానం పొందింది! లేనిదానికే అంతటి కీర్తి లభించగలిగితే, ఉన్నదానికి లేని అపకీర్తిని అంటగట్టడం ఏపాటి పని?

కనుక మొదటి ప్రశ్న, మాట్లాడుతున్నది ఎవరు అన్నది. డబ్బు చెల్లించి బస చేసినవారే రాయగల ఎక్స్‌పీడియాను, ఎవరైనా రాయగల ట్రిప్‌అడ్వైజర్‌ను పోల్చి చేసిన పరిశోధన 2014లో వెలువడింది. పక్కనే పోటీ హోటలు ఉన్న హోటళ్ళకు రెండవదానిలో చెడు సమీక్షలు సాపేక్షంగా ఎక్కువగా కనిపించాయి. కొన్నవారికే మాట్లాడే హక్కునివ్వడం అబద్ధాన్ని పూర్తిగా ఆపలేదు. కాని అబద్ధమాడడాన్ని ఖర్చుతో కూడిన పనిగా మారుస్తుంది.

రెండవది భయం. ఈబేలో కొన్నవారు అమ్మినవారిని విమర్శిస్తే, అమ్మినవారు ప్రతీకారంగా వారికీ చెడ్డపేరు అంటగట్టేవారు. అందుచేత చాలామంది అసంతృప్తిని మనసులోనే దాచుకొనేవారు. 2008లో ఈబే, కొనుగోలుదారులకు ప్రతికూల అభిప్రాయమిచ్చే అవకాశాన్ని విక్రేతలకు తొలగించింది. ఎయిర్‌బీఎన్‌బీ అనే బస సంస్థ 2014లో మరొక మార్గాన్ని అనుసరించింది. అతిథి, గృహస్థుడు ఇద్దరూ రాసేవరకు, లేదా 14 రోజుల గడువు ముగిసేవరకు, ఎవరి సమీక్షనూ బయటపెట్టదు. ఎదుటివారు ఏమి రాశారో తెలియనప్పుడు పగకు గాని, మొహమాటానికి గాని తావు తగ్గుతుంది.

మూడవది గొర్రెదాటు. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పరిశోధకులు కొన్ని వ్యాఖ్యలకు కావాలనే మొదటి అనుకూల ఓటు వేశారు. ఆ ఒక్క ఓటు ప్రభావంతో వాటి తుది మార్కులు సగటున 25 శాతం పెరిగాయి. తన అభిప్రాయం చెప్పేవరకు ఇతరుల తీర్పు కనిపించకుండా ఉంచడం దీనికి తగిన ఉపాయం.

నాలుగవది లెక్క. ఇద్దరు మాత్రమే ఐదేసి నక్షత్రాలిచ్చిన దుకాణం మేలా, 200 మంది సగటున 4.6 ఇచ్చిన దుకాణం మేలా? సగటును మాత్రమే చూస్తే మొదటిదే గెలుస్తుంది. ప్రతి దుకాణానికి ముందుగానే 4 నక్షత్రాల ఓట్లు పది ఉన్నట్లు భావించి లెక్కిద్దాం. అప్పుడు మొదటిదానికి 4.17, రెండవదానికి 4.57 వస్తాయి. సాక్షులు కొద్దిమందే ఉన్నప్పుడు తీర్పు విషయంలో తొందరపడరాదన్న నీతిని గణితం ఈ విధంగా పాటిస్తుంది.

ప్రభుత్వాలు కూడా ఈ సమస్యను గుర్తించాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని వెలువరించింది. సమీక్ష రాసినవారిని నిర్ధారించుకొనే పద్ధతులను అది వివరిస్తుంది. అయితే దానిని పాటించడం అప్పుడు సంస్థల ఇష్టానికే వదిలివేశారు. అమెరికాలో బూటకపు సమీక్షల క్రయవిక్రయాలను నిషేధించే నిబంధన 2024లో అమలులోకి వచ్చింది.

ఈ ఉపాయాలన్నింటిలోను ఒకే సూత్రం ఉంది. నిజం చెప్పేవారికి నష్టం లేకుండా, అబద్ధం చెప్పేవారికి శ్రమ తప్పకుండా నియమాలను కూర్చడమే ఆ సూత్రం. ఎంత మంచి నియమమైనా చివరకు మనిషి మాట మీదనే ఆధారపడుతుంది. నెలల తరబడి శ్రమించి నేసిన చీరను నేతకారుడు అమ్మకానికి పెడతాడు. బట్వాడా రెండు రోజులు ఆలస్యమైందన్న కోపంతో ఎవరో దానికి ఒక్క నక్షత్రమిస్తారు. తప్పు ఒకరిది, శిక్ష మరొకరికి! ఆ చీర ఎలా ఉందో తరువాత వచ్చేవారికి తెలియనే తెలియదు. నక్షత్రమివ్వడం ఒక విధంగా సాక్ష్యం చెప్పడమే. చూసినదానినే చెప్పడం, చూడనిదానిని చెప్పకపోవడం సాక్షి ధర్మం. అంగడి వీధి నుండి అంతర్జాలానికి మారినా ఆ ధర్మం మారలేదు.