వీపు మీద కెమెరా: బరువు ఎక్కడ పడాలి?

సూరత్‌లోని సలాబత్‌పురా ప్రాంతంలో, రింగు రోడ్డు వస్త్ర మార్కెట్ల దగ్గర ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. చీరల మూటలు మోసే కార్మికులు మూటను తల మీదకో, వీపు పై భాగానికో ఎత్తుకుంటారు. చేతికి వేలాడదీసుకుని ఎక్కువ దూరం నడిచేవారు కనిపించరు. మూట ఒంటికి ఆనుకుని ఉంటుంది. నడుము కాస్త ముందుకు వంగి ఉంటుంది. బరువు మోయడంలోని భౌతికశాస్త్రం అంతా ఈ భంగిమలోనే ఉంది.

తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా సూరత్‌లో స్థిరపడ్డాయి. ఆ ఇళ్లలోని యువకులు కొందరైనా వానలు మొదలవగానే కెమెరా పట్టుకుని డాంగ్ అడవులకు, వఘయి దగ్గరి గిరా జలపాతానికి, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సాపుతారా కొండలకు బయలుదేరుతుంటారు. బ్యాగు సరైనది కాకపోతే మొదటి గంట హాయిగానే గడుస్తుంది. రెండో గంటకు భుజాలు మండుతాయి. ఆ తర్వాత చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి. తడిసిన రాళ్ల మీద ఆ స్థితిలో కాలు జారితే పోయేది కెమెరా ఒక్కటే కాకపోవచ్చు. మరి బ్యాగు ఎంచుకోవడం ఎలా?

ముందు లెక్క వేసుకుందాం

మామూలు లెన్సుతో కెమెరా 1 కిలో, దూరపు దృశ్యాలకు వాడే పెద్ద జూమ్ లెన్సు 1.5 కిలోలు, ట్రైపాడ్ 1.5 కిలోలు, రెండు లీటర్ల నీళ్లు 2 కిలోలు, తిండి, రెయిన్‌కోటు అర కిలో, ఖాళీ బ్యాగు 1.5 కిలోలు అనుకుందాం. మొత్తం 8 కిలోలు. 60 కిలోల మనిషికి ఇది శరీర బరువులో 13 శాతం. పిల్లల బడిసంచి వారి బరువులో 10 శాతం మించరాదని 2020లో కేంద్ర ప్రభుత్వం విధానం ప్రకటించింది. పెద్దవారు అంతకంటే ఎక్కువే మోయగలరు. కానీ కొండదారిలో గంటల తరబడి మోయాలి గనుక ప్రతి అర కిలో లెక్కలోకి వస్తుంది. ఆ రోజు వాడని లెన్సును ఇంట్లోనే ఉంచడం అన్నిటికంటే చవకైన ఉపాయం.

గురుత్వ కేంద్రం వెనక్కి జరిగితే

మనం నిలబడినప్పుడు శరీర గురుత్వ కేంద్రం పాదాలకు సరిగ్గా పైన ఉంటుంది. వీపు మీద బరువు చేరగానే అది వెనక్కి జరుగుతుంది. పైన చెప్పిన మనిషి బ్యాగులోని బరువు అతని గురుత్వ కేంద్రానికి 24 సెంటీమీటర్లు వెనుక ఉందనుకోండి. మనిషి, బ్యాగు కలిసిన మొత్తం గురుత్వ కేంద్రం సుమారు 2.8 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. అదే బరువు 12 సెంటీమీటర్ల దూరంలో ఉంటే జరిగేది 1.4 సెంటీమీటర్లే. ఈ తేడాను సరిచేయడానికే మనం ముందుకు వంగుతాం. వంగినకొద్దీ దారి చూడటానికి మెడ పైకెత్తాలి. మెడనొప్పి అక్కడే మొదలవుతుంది.

కాబట్టి మొదటి సూత్రం: బరువైన లెన్సు, నీళ్ల సీసా వీపుకు దగ్గరగా ఉండాలి. తేలికైనవి బయటి అరల్లో ఉండాలి. చాలా కెమెరా బ్యాగుల్లో సామానంతా అడుగున చేరుతుంది. లోపలి అరలను మార్చి, బరువును వీపు మధ్య భాగానికి తీసుకురాగల బ్యాగు మేలు. ట్రైపాడ్‌ను బ్యాగు వెనుక వేలాడదీయడం కంటే పక్కన నిలువుగా కట్టడం మంచిది.

బరువును శరీరపు నిలువు రేఖలో ఉంచితే ఎంత లాభమో 1986లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కెన్యాలోని లువో స్త్రీలు తమ బరువులో 20 శాతం వరకు తల మీద మోసినా, నడకకు అదనపు శక్తి ఖర్చు కాలేదు. మన పల్లెల్లో నీళ్లబిందె నెత్తిన పెట్టుకుని నడిచే స్త్రీలను చూసినవారికి ఇది వింత అనిపించదు.

భుజమా, తుంటా?

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. భుజపట్టీ వెడల్పు 3 సెంటీమీటర్ల నుంచి 6కు పెరిగితే, అదే బరువుకు పీడనం సగమవుతుంది. నెత్తిన బిందె కింద చుట్టకుదురు పెట్టుకునేదీ ఇందుకే. సన్నని పట్టీ మెడ నుంచి చేతికి వెళ్లే నాడులను నొక్కుతుంది. వేళ్ల తిమ్మిరికి కారణం అదే. ఎక్కువ కాలం బరువులు మోసే సైనికుల్లో దీనివల్ల చేయి బలహీనపడటాన్ని వైద్యులు గుర్తించారు.

భుజం కంటే బలమైన ఆధారం తుంటి. కటి ఎముకల మీద, తొడ కండరాల మీద శరీరపు పైభాగమంతా నిలబడి ఉంది. అందువల్ల మెత్త వేసిన తుంటి పట్టీ ఉన్న బ్యాగునే ఎంచుకోవాలి. ఆ పట్టీ పొట్ట మీద కాక, తుంటి ఎముక పై అంచు మీద కూర్చోవాలి. సన్నని గుడ్డ పట్టీ బ్యాగును ఊగకుండా ఆపుతుందే గాని బరువు మోయదు.

ఇక్కడే వీపు కొలత అవసరం. తల వంచితే మెడ అడుగున ఒక ఎముక పొడుచుకుని వస్తుంది. అక్కడి నుంచి తుంటి ఎముక పై అంచుల ఎత్తు వరకు టేపుతో కొలవండి. బ్యాగును ఈ కొలతకు తగినట్లు ఎంచుకోవాలి. మనిషి పొడవును చూసి కొంటే పొరపాటే. ఒకే ఎత్తున్న ఇద్దరి వీపులు ఒకే కొలతలో ఉండవు.

డెనియర్ సంగతి

సలాబత్‌పురా పాఠకులకు డెనియర్ కొత్త మాట కాదు. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. చీరలకు 50, 75 డెనియర్ల వంటి సన్నని నూలు వాడితే, బ్యాగు గుడ్డకు 400 నుంచి 1,000 వరకు వాడతారు. డెనియర్ పెరిగితే గట్టిదనంతో పాటు బరువూ పెరుగుతుంది. రాపిడిని నైలాన్ బాగా తట్టుకుంటుంది. పాలిస్టర్ నీటిని తక్కువ పీలుస్తుంది. ఏ గుడ్డ అయినా లోపలి పూత, కుట్లు, జిప్పు బాగుంటేనే వానకు ఆగుతుంది. డాంగ్ వానలకు విడిగా పైముసుగు తప్పనిసరి. వీపు వైపు జాలీ ఉంటే చెమట ఆరుతుంది గాని, అది బరువును వెనక్కి నెడుతుంది. పలుచని జాలీ చాలు. తిరిగి వచ్చాక తడి బ్యాగులో కెమెరాను వదిలేస్తే లెన్సుకు బూజు పడుతుంది.

కొనే ముందు

మీ కెమెరా, నిండు నీళ్ల సీసాలు దుకాణానికే తీసుకెళ్లి బ్యాగులో సర్దండి. పట్టీలన్నీ వదులు చేసి, ముందుగా తుంటి పట్టీ బిగించండి. తర్వాత భుజపట్టీలు, చివర ఛాతీ పట్టీ. పది, పదిహేను నిమిషాలు నడవండి, మెట్లెక్కి దిగండి. ఇప్పుడు భుజపట్టీ కింద రెండు వేళ్లు దూర్చి చూడండి. సులువుగా దూరితే బరువు తుంటికి చేరినట్లే. దూరకపోతే, తుంటి పట్టీని సరిచేసి మరోసారి చూడండి. అప్పటికీ దూరకపోతే ఆ బ్యాగు ఎంత ఖరీదైనదైనా మీ వీపుకు తగినది కాదు.