రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే బ్రేకు ప్యాడా?

విజయవాడ నుంచి ఒంగోలు, నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లే దారిలో, నగరం ఇంకా రాకముందే షోళవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉన్న ఊరు అది. దశాబ్దాల పాటు దక్షిణాది కార్ల పందేలు, బైకుల పందేలు ఆ రన్‌వే మీదే జరిగాయి. తర్వాత చెన్నైకి పడమర, ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది. కారు సత్తా చూసుకోవాలనుకునే బెజవాడ కుర్రాళ్లు బయల్దేరేది ఎక్కువగా అటే.

ట్రాక్ డే అంటే పందెం కాదు. రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత కారును నిపుణుల పర్యవేక్షణలో పూర్తి వేగంతో తోలుకోవడం. చిక్కల్లా ఏమిటంటే, ఆ కారు అక్కడికి లారీ ఎక్కి రాదు. 450 కిలోమీటర్లు రోడ్డు మీద నడిచి వెళ్తుంది, సాయంత్రానికి మళ్లీ రోడ్డు మీదే ఇంటికి తిరుగుతుంది. మర్నాడు పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపేదీ అదే. అందుకే రెండింటికీ పనికొచ్చే ప్యాడ్ ఏదన్న ప్రశ్న వస్తుంది. జవాబు కావాలంటే ముందు వేడి సంగతి తెలియాలి.

చక్రంతో పాటు తిరిగే డిస్కును ప్యాడ్‌తో నొక్కి, కారు వేగాన్ని వేడిగా మార్చడమే బ్రేకు పని. వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. 1,200 కిలోల కారును విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే సుమారు 116 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అదే కారును ట్రాక్ మీద మలుపు ముందు 160 నుంచి 60కి తగ్గిస్తే పుట్టేది దాదాపు 1,020 కిలోజౌళ్లు. మూడు లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపడా వేడి మూడు నాలుగు సెకన్లలో, అదీ ఎక్కువ భాగం ముందు చక్రాల డిస్కుల్లోనే పుడుతుందన్నమాట. అవి చల్లారేలోపు ఇంకో మలుపు వస్తుంది. ఊళ్లో తిరిగేటప్పుడు మామూలుగా 200 డిగ్రీలు దాటని డిస్కు, ట్రాక్ మీద 500 డిగ్రీలు దాటడం ఇందుకే. రోహిణి కార్తె ఎండల్ని తలుచుకుని భయపడేవాళ్లున్నారు గానీ, ఈ లెక్క ముందు 45 డిగ్రీల ఎండ ఒక లెక్కలోది కాదు.

ప్యాడ్ లోపల పీచులు, లోహపు పొడులు, గ్రాఫైట్ లాంటివి ఉంటాయి. వాటన్నిటినీ పట్టి ఉంచేది రెజిన్. బ్రేకు లైనింగు పరిశ్రమకు ఆద్యుల్లో ఒకరైన ఇంగ్లండువాసి హెర్బర్ట్ ఫ్రూడ్‌కి బ్రేకుకి వేరే పదార్థం తొడగాలన్న ఆలోచన గుర్రపు బళ్ల వాళ్లను చూసి వచ్చిందంటారు. వాళ్లు కొండ దిగేటప్పుడు చెక్క బ్రేకులకు పాత బూట్ల తోలు తగిలించేవారట. 1897లో ఆయన మొదలుపెట్టిన సంస్థే ఫెరోడో. సరుకు ఎంత మారినా ఇబ్బంది మాత్రం పాతదే: మితిమీరిన వేడికి ప్యాడ్‌లోని పదార్థం విడిపోతుంది. మామూలు రోడ్డు ప్యాడ్‌లో 350, 400 డిగ్రీల దగ్గర రెజిన్ కాలి వాయువు వదులుతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగదు.

అలాగని నేరుగా రేసింగ్ ప్యాడ్ వేయించుకుంటే సరిపోతుందా? 700 డిగ్రీల దాకా ఓర్చుకునే ఆ ప్యాడ్‌కి పట్టు రావాలంటే ముందు బాగా వేడెక్కాలి. పుష్య మాసంలో తెల్లవారుజామున బందరు రోడ్డెక్కారనుకోండి. మంచులో డిస్కు తడిసి ఉంటుంది. కోతల కాలం కాబట్టి ట్రాక్టర్లు మోసుకొచ్చిన పొలం బురద రోడ్డు మీద ఉంటుంది. కాలవ గట్టు మీది నుంచి గేదె అడ్డం వస్తుంది. ఆ మొదటి తొక్కుడుకే కారు ఆగాలి. వేడెక్కేదాకా ఆగమంటే గేదె ఆగదు, దాని వెనకాల ఉన్న మనిషీ ఆగడు. పైగా రేసింగ్ ప్యాడ్ కీచుమంటుంది, డిస్కును తినేస్తుంది, చక్రాల మీద నల్లటి పొడి పోస్తుంది.

కాబట్టి ప్యాడ్ ఎంచుకునేటప్పుడు ముందు అడగాల్సింది, చల్లగా ఉన్నప్పుడు ఎలా పడుతుందని. ఎంత వేడికి తట్టుకుంటుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. ట్రాక్ మీద బ్రేకు పట్టకపోతే పక్కకు వెళ్లడానికి ఖాళీ స్థలం ఉంటుంది. ఏలూరు రోడ్డు మీద ఉండదు.

ఆటోనగర్‌లో విడిభాగాల షాపుకి వెళ్లి ప్యాడ్ అడిగితే డబ్బా మీది కంపెనీ పేరు చూసి ఊరుకోకండి. ప్యాడ్ తీసి అంచు చూడండి, లేదా తిప్పి వెనక ఇనుప రేకు చూడండి. చాలావాటి మీద అంకెల వరుస చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వాడకపు వేడిలో, రెండోది బాగా వేడెక్కాక ఘర్షణ ఎంతో చెబుతుంది. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండూ ఎఫ్ అయితే రోడ్డుకి నమ్మకమైన ప్యాడ్. మొదటిది ఎఫ్, రెండోది ఈ అయితే వేడెక్కాక పట్టు తగ్గుతుందని అర్థం. ఒక్క జాగ్రత్త: ఆ పరీక్ష సుమారు 343 డిగ్రీల దాకానే. ట్రాక్ వేడికి నిలుస్తుందో లేదో ఆ అక్షరాలు చెప్పవు. దానికి తయారీదారు ఇచ్చే ఉష్ణోగ్రతల పట్టికే చూడాలి.

ఇక కృష్ణా డెల్టా వాళ్లు ప్యాడ్ కంటే ముందు పట్టించుకోవాల్సింది బ్రేక్ ఆయిల్. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని గుణం. మన చుట్టూ కాలవలు, చెరువులు, పక్కనే సముద్రం. ఇక్కడి గాలిలో తేమకి కొదవ లేదు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరిన ఆయిల్‌కి ఆ హద్దు 155 మాత్రమే. డాట్ 5.1 రకానికి ఆ రెండు హద్దులు 260, 180. ప్యాడ్‌లను డిస్కుకి నొక్కే క్యాలిపర్ దగ్గర ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలొస్తాయి, పెడల్ మెత్తబడి నేలకి అంటుకుంటుంది. ఈ తేడా గుర్తుంచుకోండి: పెడల్ గట్టిగా ఉండీ కారు ఆగకపోతే తప్పు ప్యాడ్‌ది, పెడల్ లోపలికి పోతే ఆయిల్‌ది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించడం అందరికీ అవసరం. ట్రాక్‌కి వెళ్లేవాళ్లు ప్రతిసారీ ముందే మార్పించి, బ్రేకు పైపుల్లోని గాలి తీయించుకోవాలి.

నాకు ట్రాక్‌తో పనేముంది అనుకునేవాళ్లు తిరుమల కొండ దిగే దారి తలుచుకోవాలి. మనుషులతో, సామానుతో 1,500 కిలోలున్న కారు దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగితే 10,000 కిలోజౌళ్ల పైచిలుకు శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. ఇందాకటి ట్రాక్ బ్రేకుకి ఇది పదింతలు. గేరు తగ్గించి ఇంజిన్‌తో పట్టి ఉంచితే అందులో మంచి భాగం ఇంజిన్ మోస్తుంది. న్యూట్రల్‌లో దిగితే దాదాపు మొత్తం బ్రేకులే మోయాలి.

మరి ఏం కొనాలి? ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ డేలకి వెళ్లేవారైతే, చల్లగా ఉన్నప్పుడూ పట్టి, కనీసం 500 డిగ్రీల దాకా నిలిచే మధ్యరకం ప్యాడ్ చాలు. ఫెరోడో డీఎస్2500, ఈబీసీ ఎల్లోస్టఫ్ ఆ కోవలోవి. ముందు చక్రాలకి అవి, మంచి ఆయిల్, ఒక్కో విడతలో నాలుగైదు ల్యాపులకి మించకుండా ఉంటే మామూలు హ్యాచ్‌బ్యాక్‌తో నెట్టుకురావచ్చు. కొద్దిగా చప్పుడు, కొద్దిగా పొడి తప్పవు. తరచూ వెళ్లేవారు మాత్రం రెండు సెట్లు పెట్టుకోవాలి: రోడ్డు ప్యాడ్‌తో వెళ్లి, ట్రాక్ దగ్గర రేసింగ్ ప్యాడ్ వేసుకుని, తిరుగు ప్రయాణానికి ముందు మార్చేయడం. పని చేతనైన మనిషికి ముందు చక్రాలు రెండూ గంటలోపు పని.

ప్యాడ్ మార్చిన ప్రతిసారీ దాన్ని డిస్కుకి అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా, కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుతూ పది సార్లు తగ్గించి, తర్వాత బ్రేకు తాకకుండా కొన్ని కిలోమీటర్లు నడపాలి. ట్రాక్ నుంచి బయటికొచ్చే ముందు ఒక ల్యాపు నెమ్మదిగా తిరగాలి. ఆపాక పెడల్ మీద కాలుంచకూడదు, హ్యాండ్ బ్రేకు లాగకూడదు. కాలుతున్న డిస్కుకి ప్యాడ్ అతుక్కుంటే తర్వాత స్టీరింగు అదురుతుంది.

ట్రాక్ మీద రెండు సెకన్లు కలిసొచ్చే ప్యాడ్ కోసం రోడ్డు మీద రెండు మీటర్లు వదులుకోకండి. మీ బ్రేకు మీద ఆధారపడిన ప్రాణాల్లో మీది ఒకటి మాత్రమే. ఎదురుగా రోడ్డు దాటే మనిషికి మీరు ఏ ప్యాడ్ వేయించారో తెలియదు, ఎంచుకునే వీలూ లేదు. ఆ ఎంపిక అతని తరఫున కూడా మీరే చేస్తున్నారు.