బూస్టరు వేయించుకున్నా జ్వరమెందుకు వచ్చింది?

"మూడు సూదులూ వేయించుకున్నాను. అయినా కోవిడ్ వదల్లేదు. ఇక ఆ మూడో సూది దేనికండీ?" అని 2022లో మా పాల కేంద్రం వద్ద ఒక సభ్యుడు అడిగాడు. ఈ సందేహం నేటికీ పలువురికి ఉన్నది.

మన దేశంలో మూడవ మోతాదు 2022 జనవరి 10న ప్రారంభమైనది. మొదట ఆరోగ్య సిబ్బందికి, ఇతర జబ్బులున్న 60 ఏళ్లు పైబడినవారికి, మరికొందరికి వేశారు. చక్కెర వ్యాధి ఉన్నందున నేనూ వేయించుకున్నాను. ఆ రాత్రి జ్వరం, చెయ్యి నొప్పి వచ్చాయి. అది కోవిడ్ కాదు. టీకాకు శరీరం స్పందించడమే. కొన్ని నెలలకు నిజంగానే కోవిడ్ సోకింది. నాలుగు రోజుల్లో తేరుకున్నాను. 2021 మేలో, ఒక్క సూదీ పడకముందే, మా అన్నగారిని పోగొట్టుకున్నాము.

టీకావల్ల రక్తంలో పుట్టే రక్షక పదార్థాలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. వైరసు కూడా రూపు మార్చుకుంటుంది. అందుచేత బూస్టరు వేసుకున్నా జబ్బు సోకవచ్చును. కాని అది ముదిరి ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది.

గాలికుంటు టీకా విషయం మనకు తెలిసినదే. దూడకు నాలుగవ నెలలో తొలి టీకా, నెల తరువాత బూస్టరు, ఆపైన ఆరు నెలలకొకసారి వేయిస్తాము. టీకా వేసిన తరువాత ఒకటి రెండు రోజులు పాలు కొంచెం తగ్గవచ్చును. ఆ భయంతో టీకా మానితే, గాలికుంటు సోకినప్పుడు పోయే పాలు అంతకంటె ఎంతో ఎక్కువ.

కనుక దూడ బూస్టరు తేదీ మరువరాదు. ఇంట్లోని వృద్ధులకు మరో మోతాదు అవసరమా అన్నది డాక్టరును అడిగి తెలుసుకొనవలెను.