నీడ మాయమయ్యే మధ్యాహ్నం

వేసవి సెలవులలో పిల్లలను ఇంటిపట్టున ఉంచడం పెద్దలకు ఒక పరీక్ష. "ఎండలోకి పోవద్దు" అని రోజుకు పదిసార్లు హెచ్చరించని తల్లి ఉండదు. ఆ ఎండనే గురువుగా చేసుకుని, పైసా ఖర్చు లేకుండా, ఇంటి డాబా మీదనే ఒక గొప్ప ప్రయోగం చేయవచ్చునని మాత్రం చాలామందికి తోచదు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఇందా ఒక పేట. రైల్వే ఉద్యోగాల నిమిత్తం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఈ ఊరు కర్కట రేఖకు కొద్దిగా దక్షిణాన, సుమారు 22.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువలన ఏడాదికి రెండు పర్యాయాలు, జూన్ 3, 4 తేదీల ప్రాంతంలోను, జూలై 9 ప్రాంతంలోను, సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిటారుగా నిలిపిన కర్ర నీడ కర్ర మొదట్లోనే అణగిపోతుంది. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ పిల్లలకు వారి ఊరిలో ఈ వింత ఎన్నడూ కనిపించదు. హైదరాబాదు పిల్లలకైతే మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో కనిపిస్తుంది.

ప్రయోగానికి కావలసినవి ఒక మీటరు పొడవు గల తిన్నని కర్ర, ఇసుక నింపిన డబ్బా, సుద్దముక్క, స్కేలు, గడియారం. కర్రను డబ్బాలో పాతాలి. దారానికి చిన్న రాయి కట్టి, కర్ర పక్కన వేలాడదీసి, అది నిటారుగా ఉన్నదీ లేనిదీ సరిచూడాలి. ఉదయం 11 గంటల నుండి అయిదేసి నిమిషాలకు ఒకసారి నీడ కొనను సుద్దతో గుర్తించి, పక్కన వేళ వ్రాయాలి. తలకు టోపీ, పక్కన మంచినీళ్లు ఉండాలి. సూర్యుని వైపు నేరుగా చూడరాదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి. ఈ ప్రయోగంలో చూడవలసినది నేలనే గాని ఆకాశాన్ని కాదు.

మొదటి ఆశ్చర్యం ఇక్కడే ఎదురవుతుంది. మధ్యాహ్నమంటే 12 గంటలని పిల్లలు బడిలో నేర్చుకుని ఉంటారు. ఇందాలో నీడ మాయమయ్యేది 11 గంటల 40 నిమిషాల ప్రాంతంలో! గడియారం తప్పా, నీడ తప్పా? రెండూ తప్పు కావు. మన గడియారాలు చూపేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం నాటి కాలం. ఆ రేఖ కాకినాడ సమీపం నుండి పోతుంది. ఖరగ్‌పూర్ దానికి దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది గనుక, ఇక్కడ సూర్యుడు అంత ముందుగా నడినెత్తికి చేరుతాడు. దేశమంతటికీ ఒకే కాలం 1906 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. అయినా కలకత్తా నగరం 1948 వరకు తన స్వంత కాలాన్ని విడిచిపెట్టలేదు.

రెండవ ఆశ్చర్యానికి బంధువుల సాయం కావాలి. విశాఖపట్నంలో తాతగారో మేనమామో ఉంటే, అదే రోజున ఒక మీటరు కర్రను నిలిపి, 11 గంటల 55 నిమిషాల ప్రాంతంలో అన్నిటికన్న పొట్టి నీడను కొలవమనండి. ఇందాలో నీడ లేని ఆ రోజున విశాఖలో దాదాపు 8 సెంటీమీటర్ల నీడ, అదీ దక్షిణ దిక్కుగా పడుతుంది. సూర్యకిరణాలు రెండు ఊళ్లకూ సమాంతరంగానే వస్తాయి. మరి నీడలు వేరైనవెందుకు? భూమి గుండ్రంగా ఉండి, రెండు కర్రలూ వేర్వేరు దిక్కులకు నిలిచి ఉండడం వలన.

ఇక లెక్క చేయండి. మీటరు కర్రకు 8 సెంటీమీటర్ల నీడ అంటే సుమారు 4.6 డిగ్రీల కోణం. కాగితం మీద బొమ్మ గీసి కోణమానినితో కొలిస్తే పిల్లలకే తెలుస్తుంది. అది పూర్తి వృత్తంలో దాదాపు 78వ వంతు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణాల దూరాన్ని పటం మీద కొలిస్తే సుమారు 515 కిలోమీటర్లు వస్తుంది. రైలు మార్గపు దూరాన్ని మాత్రం తీసుకోరాదు. 515ను 78తో హెచ్చిస్తే 40,170. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు! దాదాపు 2,200 ఏళ్ల క్రితం ఎరటోస్థనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులోని సైనీ, అలెగ్జాండ్రియా నగరాల నీడలతో భూమిని కొలిచినది ఈ విధంగానే.

మీ పిల్లవానికి 40,000 రాకపోవచ్చును. నీడ కొలతలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే జవాబులో వేల కిలోమీటర్లు మారిపోతాయి. అప్పుడు తండ్రి చేయవలసినది పుస్తకంలోని అంకెను చెప్పి దిద్దించడం కాదు. కర్ర వంగినదా, నేల ఏటవాలుగా ఉన్నదా, గుర్తు పెట్టడం ఆలస్యమైనదా అని బిడ్డతో కలిసి వెతకడం. తాను చూచినదానిని చూచినట్లు వ్రాసుకునే అలవాటు ఆ వెతుకులాటలోనే పట్టుబడుతుంది. ముందుగానే జవాబు చెప్పివేస్తే, రేపటి నుండి ఆ బిడ్డ నీడను గాక మన ముఖాన్ని చూచి అంకెలు వేస్తాడు.

మబ్బు పట్టిన రోజుకూ పని ఉంది. గదిలో కూర్చుని, మెరుపు మెరిసిన క్షణం నుండి ఉరుము వినబడేవరకు సెకండ్లు లెక్కించి మూడుతో భాగిస్తే, పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నదో తెలుస్తుంది. చైత్ర వైశాఖాలలో బెంగాల్‌ను ఊపివేసే కాలబైశాఖి గాలివానలలో ఈ లెక్కకు కొదవ ఉండదు.

జూన్‌లో మేఘాలు అడ్డుపడి అవకాశం తప్పినా విచారించవలసిన పని లేదు. జూలై 9 ప్రాంతంలో సూర్యుడు దక్షిణానికి మరలి వస్తూ మళ్లీ ఇందా నడినెత్తికి చేరుతాడు. కర్రను, సుద్దముక్కను భద్రపరచి, ఆనాడు వాన వెలిస్తే చాలునని పిల్లలతో పాటు మీరూ ఎదురుచూడండి.