జనాభా లెక్కల్లో మీ మాతృభాష ఏమని రాయిస్తారు?

2021లో జరగాల్సిన జనాభా లెక్కలు కోవిడ్ వల్ల ఆగిపోయి, ఇప్పుడు రెండు విడతలుగా జరుగుతున్నాయి. మొదటి విడతలో ఇళ్లనూ వాటిలోని వసతులనూ లెక్కపెడతారు. రెండో విడత 2027 ఫిబ్రవరిలో. అందులో లెక్కపెట్టేది మనుషుల్ని. పేరు, వయసు, చదువుతో పాటు ప్రతిసారీ అడిగే ప్రశ్న మాతృభాష.

తెలుగు శాఖలో చదువుతున్న మనకు ఈ ప్రశ్న దగ్గర తడుముకోవాల్సిన పని లేదు. కానీ తలుపు తీసేది మనమే అని ఏముంది? నాన్నో, నాయనమ్మో, ఆ సమయానికి ఎవరుంటే వాళ్లు జవాబు చెప్పేస్తారు. "తమిళమనే రాసుకోండి సార్, ఏదైతే ఏముందిలే" అనేవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. అందుకే ఈ వ్యాసం మీరు చదివి ఊరుకోవడానికి కాదు, ఇంటికెళ్లి వాళ్లతో మాట్లాడడానికి.

2011 లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 42 లక్షల పైచిలుకు. అంటే రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. తమిళం తర్వాత స్థానం మనదే. అయితే అది తెలుగు అని చెప్పినవాళ్ల లెక్క. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళమని రాయించినవాళ్లు అందులో లేరు.

వాళ్లెందుకు అలా రాయిస్తారు? ఒక్కొక్కరిది ఒక్కో కారణం. కాబట్టి అందరికీ ఒకే ఉపన్యాసం పనిచేయదు.

"నాకు తెలుగు చదవడం రాయడం రాదు కదా" అంటారు కొందరు. మాతృభాష అంటే చిన్నప్పుడు అమ్మ మనతో మాట్లాడిన భాష అని జనాభా లెక్కల వాళ్ల నిర్వచనం. పసితనంలోనే అమ్మ పోయి ఉంటే, ఆ ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. లిపి ఊసే లేదు. ఓనమాలు రాని అవ్వ కూడా నూటికి నూరుపాళ్లు తెలుగావిడే.

"మాది అసలు తెలుగా? సగం అరవమే" అని కొందరికి మొహమాటం. "ఉండాది", "వస్తా ఉండాను" అనేది తెలుగు కాకపోతే మరేమిటి? వడరి మాతృభాష అని చెప్పినవాళ్లను కూడా జనాభా పట్టికల్లో తెలుగు కిందే చేర్చారు. విజయవాడ యాసలో మాట్లాడితేనే తెలుగు అనే షరతు ఎక్కడా లేదు.

"పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, తమిళం కాదంటే బాగుంటుందా?" అని ఇంకొందరు. ఇది మంచి మనసుతో వచ్చే సందేహం. దీనికీ చోటుంది. మాతృభాష తర్వాత, వచ్చిన ఇతర భాషలు రెండింటిదాకా రాయించవచ్చు. అక్కడ తమిళం రాయిస్తే రెండూ నిజాలే అవుతాయి. తెలుగు అని చెప్పినంత మాత్రాన తమిళానికి తగ్గేదేమీ లేదు.

"తెలుగు అంటే రేపు ఏ సర్టిఫికెట్‌కైనా అడ్డం వస్తుందేమో" అని భయపడేవాళ్లకు 1948 నాటి సెన్సస్ చట్టం గురించి చెప్పండి. ఒక మనిషి ఇచ్చిన వివరాలు రహస్యంగా ఉంచాలి. వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడడానికి కూడా మామూలుగా వీల్లేదు.

ఇంత పట్టుబట్టడం దేనికి? భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. జిల్లాలోగానీ, మున్సిపాలిటీ వంటి చిన్న ప్రాంతంలోగానీ ఒక భాషవాళ్లు 15 శాతం దాటితే, ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ వేయాలని రాష్ట్రాలు అంగీకరించిన రక్షణల్లో ఉంది. ఆ శాతం తేలేది జనాభా లెక్కల్లోనే. 2006 చట్టం తర్వాత ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, నేర్చుకున్నాం కూడా. దాంతో పాటు తెలుగు టీచరు కావాలని అడిగిన రోజు "పిల్లలెక్కడున్నారు?" అంటారు. బళ్లో తెలుగు చదివిన పిల్లలుంటేనే రేపు ఈ శాఖలో మన బెంచీల మీద కూర్చోడానికి ఎవరైనా వస్తారు.

ఒక జాగ్రత్త. ఎవరిచేతా అబద్ధం చెప్పించొద్దు. మీ వదిన వాళ్లమ్మ కన్నడం మాట్లాడితే ఆమెది కన్నడమే. ఒకే ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో మాతృభాష ఉండవచ్చు. అందుకే ప్రతి మనిషికీ విడిగా అడగాలి, విడిగా రాయాలి. మనం గుమ్మంలో తమిళంలో మాట్లాడుతుంటే వచ్చినవాళ్లు తమిళమే అనుకునే ప్రమాదముంది. ఏం రాశారో ఒకసారి చదివి చెప్పమనండి. అడగడం తప్పు కాదు.

ఈసారి వివరాలు మనమే ఆన్‌లైన్‌లో నింపే వీలు కూడా ఉంది. ఇంట్లో ఫోన్ పని అంటే ఎలాగూ మననే పిలుస్తారు. అప్పుడు మాతృభాష దగ్గర ఒక్క నిమిషం ఆగి, "నాయనమ్మా, చిన్నప్పుడు మీ అమ్మ నీతో ఏ భాషలో మాట్లాడేది?" అని అడగండి. ఆమె ఏం చెబితే అదే నింపండి.