పర్ణశాల ఎండలో పరుగు, వేడి గదిలో యోగా

దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డునున్న పర్ణశాలలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. తునికాకు కోసే కోయ కుటుంబాలు పొద్దు పొడవకముందే అడవికి బయల్దేరి, ఎండ ముదిరేలోపు పని ముగించుకోవాలని చూస్తాయి. ఇలాంటి చోట దూరపు పరుగు సాధన చేసేవారికి హాట్ యోగా ఏ మేరకు పనికొస్తుంది?

కోల్‌కతాకు చెందిన బిక్రమ్ చౌదరి 1970లలో అమెరికాలో ప్రచారం చేసిన హాట్ యోగా పద్ధతిలో గది వేడి సుమారు 40 డిగ్రీలు, గాలిలో తేమ 40 శాతం. ఆ గదిలో 90 నిమిషాల పాటు 26 ఆసనాలు, 2 శ్వాస ప్రక్రియలు చేస్తారు. గుండె వేగం బాగా పెరుగుతుంది కాబట్టి పరుగెత్తినంత ఫలితం దక్కిందనుకుంటాం. అసలు పొరపాటు ఇక్కడే ఉంది.

పరుగులో గుండె వేగంగా కొట్టుకునేది ముఖ్యంగా కండరాలకు ప్రాణవాయువు అందించడానికి. వేడి గదిలోనైతే చర్మానికి రక్తం పంపి ఒంటిని చల్లబరచడానికి కూడా అది శ్రమిస్తుంది. నాడి ఒకేలా పెరిగినా కండరం చేసే పని ఒకటి కాదు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 8 వారాల బిక్రమ్ యోగా తర్వాత ఒళ్లు వంగే సామర్థ్యం, కొంత బలం పెరిగాయి. ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మాత్రం పెరగలేదు. 2018లో మరో బృందం అవే ఆసనాలను వేడి గదిలోనూ, మామూలు గదిలోనూ 12 వారాలు చేయించింది. రక్తనాళాల పనితీరు రెండుచోట్లా దాదాపు ఒకేలా మెరుగుపడింది. అంటే ఆ మేలు ఆసనాలదే.

అలాగని వేడి వల్ల లాభమే లేదనలేం. వారం నుంచి రెండు వారాలు రోజూ వేడికి అలవాటు పడితే రక్తంలో ప్లాస్మా పరిమాణం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. 2007లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో ఆరుగురు పరుగువీరులు సాధన ముగిశాక ఆవిరిగదిలో కూర్చున్నారు. ఇలా 3 వారాలు చేశాక, అలసిపోయేవరకు పరుగెత్తగల సమయం సగటున 32 శాతం పెరిగింది. దూరపు పందెంలో అది సుమారు 2 శాతం మెరుగుదలకు సమానమని పరిశోధకుల అంచనా. వేడిని మానేస్తే కొద్ది వారాల్లోనే ఈ అలవాటు కరిగిపోతుంది.

పర్ణశాల వేసవిలో ఈ అలవాటు కోసం ప్రత్యేకంగా గదిని వేడెక్కించనక్కర్లేదు. అక్కడ బయటి గాలే ఆ పని చేస్తుంది. పైగా వేడి గదిలో తేమ కూడా ఉంటుంది: నీటి కుండ పొడిగాలిలో చల్లబడినంతగా తేమ గాలిలో చల్లబడదు. మన ఒళ్లూ అంతే: లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి బయటికి పోతుంది, ఆవిరి కాకుండా కారిపోతే ఆ చల్లదనం దక్కదు. పొద్దున ఎండలో పరుగెత్తి సాయంత్రం వేడి గదిలో ఆసనాలు వేస్తే, ఒంటికి అది ఒకే రోజున రెండు వేడి దెబ్బలు.

అందుకే వేసవిలో పరుగు తెల్లవారుజామున, ఆసనాలు నీడలో చేయాలి. వర్షాకాలం, చలికాలాల్లో సాధన చేసి వేడి ప్రాంతంలో పందేనికి వెళ్లేవారు, పందేనికి రెండు మూడు వారాల ముందు హాట్ యోగా మొదలుపెట్టవచ్చు. దాన్ని తేలిక పరుగు ఉన్న రోజునే పెట్టుకోవాలి. సుదీర్ఘ పరుగుకూ, వేగపు సాధనకూ ముందురోజు వద్దు. వెచ్చబడిన కండరం తేలిగ్గా సాగుతుంది కనుక, అలసిన పిక్కలనూ తొడ వెనక కండరాలనూ హద్దు మీరి లాగకూడదు.

సాధనకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ సుమారు లీటరున్నర ద్రవం కొన్ని గంటల్లో నెమ్మదిగా తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. దాహం లేకున్నా నీళ్లు పట్టించడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయింది. దానికి ముఖ్య కారణం అతిగా తాగడమే. ఇక ఎండలోనో వేడి గదిలోనో తల తిరిగినా, మాట తడబడినా వెంటనే ఆపి, నీడకు చేర్చి, చన్నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వేడి కూడా సాధనలో ఒక బరువే. పరుగెత్తిన కిలోమీటర్లు రాసుకునే పుస్తకంలోనే వేడిలో గడిపిన నిమిషాలూ రాసుకోండి. ఆ లెక్క పెరిగిన వారం కిలోమీటర్లు తగ్గించండి.