టైగర్ టాంకు బొమ్మకు సాక్షి ఎవరు?

అట్టముక్కలతోనో, చెక్కపేళ్లతోనో, కిట్టులో వచ్చే ప్లాస్టిక్ ముక్కలతోనో బొమ్మలు తయారుచేసే సరదా మీలో కొందరికైనా ఉండే ఉంటుంది. బస్సు బొమ్మ చేస్తున్నప్పుడు సందేహం వస్తే బస్టాండుకు వెళ్లి చూసి రావచ్చు. రైలింజనయితే స్టేషనుంది. కాని రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సైన్యం నడిపిన టైగర్ టాంకును చేయాలనుకున్నారనుకోండి. ఎక్కడికి వెళ్లి చూస్తారు? 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా ఆ టాంకులు పదమూడు వందలకు పైగా తయారయ్యాయి. ఇవాళ ప్రపంచమంతా గాలించినా మిగిలినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కాబట్టి పుస్తకాలే గతి. తీరా నాలుగు పుస్తకాలు ముందు వేసుకుంటే నాలుగూ నాలుగు రకాలుగా చెబుతాయి. ఒకదానిలో టాంకు నున్నగా ఉంటుంది, మరోదానిలో ఒళ్లంతా గరుకు గీతలుంటాయి. ఒకదానిలో చక్రాలకు రబ్బరు పట్టీలుంటాయి, ఇంకోదానిలో వట్టి ఉక్కు కనిపిస్తుంది. ఏది నిజం? తమాషా ఏమిటంటే, అన్నీ నిజమే కావచ్చు. ఎలాగంటారా?

ఏ నెల టాంకు?

పుస్తకం కొనేముందు మీరు తేల్చుకోవలసింది ‘ఏ టాంకు’ అని మాత్రమే కాదు, ‘ఏ నెలలో తయారైన టాంకు’ అని కూడా. కాసెల్ నగరంలోని హెన్షెల్ కర్మాగారంలో టైగర్లు తయారైన ఆ రెండేళ్లలోనూ వాటి రూపం మారుతూనే వచ్చింది. ఎప్పటికప్పుడు ఏదో ఒక భాగం తీసేసేవారు, ఏదో ఒకటి కొత్తగా చేర్చేవారు. అన్నీ చెప్పాలంటే ఈ సంచికంతా చాలదు. మూడు గుర్తులు చూద్దాం.

టాంకు నడినెత్తిన, ఫిరంగితోపాటు గిర్రున తిరిగే గదిని టరెట్ అంటారు. దానిపైన, కమాండరు తల పెట్టి బయటికి చూడటానికి బురుజులాంటి చిన్న కట్టడం ఉంటుంది. మొదట్లో అది డోలులా ఎత్తుగా ఉండి, చుట్టూ సన్నని చీలికలుండేవి. 1943 జులై నుంచి పొట్టి బురుజు వచ్చింది. చీలికలకు బదులు పెరిస్కోపులు అమర్చారు.

రెండో గుర్తు ఆ గరుకు గీతలు. అయస్కాంతంతో టాంకుకు అతుక్కునే మందుపాతరలుండేవి. అయస్కాంతానికీ ఇనుముకూ మధ్య ఎడం కొంచెం పెరిగినా ఆకర్షణ బాగా తగ్గిపోతుందని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఆ ఎడం కోసమే సిమెంటులాంటి ఒక ముద్దను కవచం మీద మెత్తి, దువ్వెనతో దువ్వినట్లు గీతలు పెట్టేవారు. ఆ ముద్ద పేరు జిమ్మరిట్. తీరా చూస్తే అలాంటి మందుపాతరలను ఎక్కువగా వాడింది జర్మన్లే! శత్రువులు కూడా వాడతారేమోనన్న భయంతో చేసిన పని అది. 1943 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మొదలైన ఈ పూత 1944 సెప్టెంబరులో ఆగిపోయింది.

మూడోది చక్రాలు. రబ్బరుకు కరువొచ్చి, 1944 ఫిబ్రవరి నుంచి బయట రబ్బరు పట్టీ లేని ఉక్కు అంచు చక్రాలు వేశారు.

ఇప్పుడు ఒక లెక్క చేయండి. పొట్టి బురుజు, జిమ్మరిట్ పూత, రబ్బరు చక్రాలు ఉన్న టాంకు ఫొటో మీ చేతిలో ఉంది. అది ఎప్పటిది? 1943 వేసవి చివరి నుంచి 1944 మొదటి నెలల లోపు తయారైనదన్నమాట. డోలు బురుజూ, ఉక్కు చక్రాలూ ఒకే టాంకుకు కనిపిస్తే మాత్రం అనుమానించాలి. మరమ్మతు షెడ్డులో పాత టాంకుకు కొత్త భాగాలు తగిలించి ఉండవచ్చు. లేదా బొమ్మ గీసినవాడు రెండు ఫొటోలు కలిపేసి ఉండవచ్చు. కనుక మంచి పుస్తకానికి మొదటి పరీక్ష ఇది: ఏ మార్పు ఏ నెలలో వచ్చిందో అది చెబుతున్నదా? ‘టైగర్ ఇలా ఉండేది’ అని ఒకే ఒక్క బొమ్మ వేసి ఊరుకునే పుస్తకం చదువుకోవడానికి పనికొస్తుంది గాని, బొమ్మ చేయడానికి పనికిరాదు.

స్కేలుబద్ద తీసుకుని వెళ్లండి

టాంకు బొమ్మలు చేసేవారు ఎక్కువగా వాడేది 35లో 1 వంతు స్కేలు. ఈ 35 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? 1960ల మొదట్లో జపాన్‌లోని టామియా సంస్థ పాంథర్ అనే మరో జర్మన్ టాంకు కిట్టును తయారుచేసింది. బొమ్మ నడవాలంటే లోపల మోటారు, రెండు బ్యాటరీలు పట్టాలి. అవి పట్టేటంత బొమ్మ చేసి, తరువాత కొలిచి చూసుకుంటే అసలు టాంకులో సుమారు 35వ వంతని తేలింది. ఆ తరువాత వచ్చిన కిట్లూ అదే కొలతలో వచ్చాయి, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. గణితం కాదు, బ్యాటరీ నిర్ణయించిన స్కేలు సుమా!

ఈ స్కేలులో 57 టన్నుల టైగర్, అంటే పదీ పన్నెండు ఏనుగుల బరువున్న యంత్రం, మీ అరచేతుల్లోకి వచ్చేస్తుంది. ఫిరంగి కొనదాకా దాని అసలు పొడవు 8.45 మీటర్లు. 35తో భాగిస్తే 24 సెంటీమీటర్లు. ముందువైపు కవచం మందం 100 మిల్లీమీటర్లు. మీ బొమ్మలో అది 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మీరు ఒక్క మిల్లీమీటరు తప్పు చేస్తే అసలు టాంకులో మూడున్నర సెంటీమీటర్లు తప్పినట్లే.

పుస్తకంలోని డ్రాయింగును పరీక్షించడానికి చక్రాన్ని కొలవడం తేలిక. టైగర్ చక్రం అడ్డుకొలత 800 మిల్లీమీటర్లు. 35వ వంతు డ్రాయింగులో అది 23 మిల్లీమీటర్లకు ఒక వెంట్రుక తక్కువగా ఉండాలి. 72వ వంతులో అయితే 11. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. రెండు కొలతలూ సమానంగా లేకపోతే అచ్చులోనో, జిరాక్సులోనో కాగితం సాగిందని అర్థం. డ్రాయింగు ఏ స్కేలులో ఉందో అసలు చెప్పనే చెప్పని పుస్తకాన్ని అక్కడే బల్లమీద పెట్టేయవచ్చు.

ఫొటోలను మాత్రం ఇలా స్కేలుబద్దతో కొలవకండి. కెమెరాకు దగ్గరగా ఉన్న చక్రం పెద్దదిగాను, దూరంగా ఉన్నది చిన్నదిగాను పడుతుంది. ఫొటోను ‘ఏముంది, ఏం లేదు’ అని అడగాలి. ‘ఎంత’ అని అడగాల్సింది డ్రాయింగును.

ఫొటో చెప్పని సంగతి

ఇక రంగు. పుస్తకాలు ఎక్కువగా పోట్లాడుకునేది ఇక్కడే. యుద్ధకాలపు ఫొటోలు చాలావరకు నలుపు తెలుపువి. అలాంటి ఫిల్ము, వస్తువు మీద నుంచి ఎంత వెలుతురు వచ్చిందో చెబుతుంది గాని, ఆ వెలుతురు ఏ రంగుదో చెప్పదు. మీరే చేసి చూడండి. ఎర్ర మందార పువ్వును ఆకులతో సహా ఫోనులో ఫొటో తీసి, నలుపు తెలుపులోకి మార్చండి. కంటికి కొట్టొచ్చినట్లు కనిపించిన పువ్వు చాలాసార్లు ఆకుల్లో కలిసిపోతుంది. రెండు వేర్వేరు రంగుల నుంచి వచ్చే వెలుతురు సమానమైతే, ఫిల్ముకు అవి రెండూ ఒకటే.

దీనివల్ల చరిత్రలో ఎంత పొరపాటు జరిగిందో వినండి. యుద్ధం మొదటి ఏడాదిలో, అంటే 1939లో పోలెండు మీద, 1940లో ఫ్రాన్సు మీద దాడి చేసినప్పుడు జర్మన్ టాంకులన్నీ ఒకే ముదురు బూడిద రంగులో ఉండేవని దశాబ్దాల పాటు పుస్తకాలు రాశాయి. వేలకొద్దీ ఫొటోలు అందుకు సాక్ష్యం! కిట్ల పెట్టెల మీద బొమ్మలూ అలాగే వచ్చాయి. కాని పరిశోధకులు సైన్యం జారీచేసిన పాత ఉత్తర్వులు వెతికి చదివితే మరో సంగతి బయటపడింది. 1937 నాటి ఉత్తర్వు ప్రకారం టాంకుకు ముదురు బూడిద రంగు మీద మూడో వంతు మేర ముదురు గోధుమ రంగు మచ్చలు వేయాలి. వట్టి బూడిద రంగు చాలునన్న ఉత్తర్వు వచ్చింది 1940 జులైలో. ఫొటోల్లో ఆ రెండు ముదురు రంగులూ ఒక్కటిగా కలిసిపోవడం వల్ల ఎవరికీ అనుమానం రాలేదు. ఇదంతా తెలిశాక పాత ఫొటోలను మళ్లీ జాగ్రత్తగా చూస్తే, కొన్నిటిలో మచ్చల అంచులు లీలగా కనిపిస్తాయి. ఫొటోలు అబద్ధమాడలేదు. వాటికి చేతకాని సంగతిని మనం వాటిని అడిగామంతే.

1943 ఫిబ్రవరిలో మళ్లీ పద్ధతి మారింది. కర్మాగారంలో ముదురు పసుపు వేసి పంపేవారు. ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగులు ముద్దగా డబ్బాల్లో ఇచ్చేవారు. టాంకు సిబ్బంది వాటిని నీళ్లతోనో, పెట్రోలుతోనో పలచన చేసి, తమకు తోచినట్లు పూసుకునేవారు. ఎంత నీరు పోశారో ఎవరు చెప్పగలరు? అందుచేత ‘సరిగ్గా ఇదే ఛాయ’ అని బల్లగుద్ది చెప్పే పుస్తకం కన్నా, ‘ఉత్తర్వు ఇది, ఫొటోలో కనిపించేది ఇది, మిగతాది మా ఊహ’ అని విడివిడిగా చెప్పే పుస్తకాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. పుస్తకాల మధ్యలో వచ్చే అందమైన రంగుల బొమ్మలు చిత్రకారుడు వేసినవని మరచిపోకండి.

సినిమాలనూ నమ్మడానికి లేదు. 1998లో వచ్చిన ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’ సినిమాలో కనిపించే టైగర్లు రష్యన్ టీ-34 టాంకుల మీద కట్టిన వేషాలు. ఒక్కో పక్క అయిదు పెద్ద చక్రాలు కనిపిస్తే అది వేషమే. అసలు టైగర్‌కు ఒక్కో పక్క ఎనిమిది ఇరుసులుంటాయి, చక్రాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని వరసలుగా ఉంటాయి. 2014 నాటి ‘ఫ్యూరీ’లో మాత్రం నిజమైన టైగరే నటించింది.

మరి ఏ పుస్తకాలు?

జేబులో డబ్బు తక్కువగా ఉంటే మొదట కొనదగినది ఆస్ప్రే సంస్థ న్యూ వాన్‌గార్డ్ వరుసలో 1993లో వేసిన టైగర్ పుస్తకం. సన్నని పుస్తకమే గాని, రాసినవారు టామ్ జెంట్జ్, హిలరీ డోయల్. ఈ ఇద్దరూ ఇతరుల పుస్తకాలను తిరగరాయకుండా, అసలు దస్తావేజులు చదివి, మిగిలిన టాంకులను టేపుతో కొలిచి రాసినవారు. ఒక్కో టాంకు రకానికి ఒక్కో పుస్తకంగా వచ్చిన ‘పాంజర్ ట్రాక్ట్స్’ వరుస కూడా వారిదే. ఖరీదు ఎక్కువ, కథలు తక్కువ, కొలతలు కావలసినన్ని. పీటర్ చేంబర్లేన్, డోయల్ కలిసి 1978లో తెచ్చిన జర్మన్ టాంకుల విజ్ఞాన సర్వస్వంలో అన్ని రకాలూ ఉంటాయి. ఏ టాంకు చేయాలో తేల్చుకోవడానికి అది మంచిది. కాని ఒక్కోదానికి దక్కిన చోటు తక్కువ. పైగా అందులోని కొన్ని సంగతులను ఆ తరువాతి పరిశోధన సవరించింది. కొత్త ముద్రణ దొరికితే అదే తీసుకోండి.

డబ్బు ఖర్చు లేని దారి కూడా ఒకటుంది. జర్మన్ ప్రభుత్వపు దస్తావేజుల భాండాగారం, బుండెస్ ఆర్కైవ్, 2008 చివర్లో ఎనభై వేలకు పైగా పాత ఫొటోలను వికీమీడియా కామన్స్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. వాటి కింది వివరణల్లో కొన్ని యుద్ధకాలంలో ప్రచారశాఖవారు రాసినవి. చిత్రాన్ని చూడండి, రాతను అనుమానించండి.

కొన్ని పుస్తకాలు వేరే రకం. ఫలానా కమాండరు ఎన్ని టాంకులు కూల్చాడో లెక్కలు చెప్పి, టైగర్ అజేయమని పొగిడి, అది ఎవరి కోసం ఎవరి మీదికి వెళ్లిందో ఒక్క ముక్క చెప్పవు. అలాంటివి కొనవద్దనే నా సలహా. లక్షలాది మందిని శిబిరాల్లో చంపిన ప్రభుత్వపు యంత్రమది. ఆ పుస్తకాల్లో కొలతలూ సాధారణంగా సరిగా ఉండవు.

చివరగా, మిగిలిన టైగర్ల మాట. ఇంగ్లండులోని బోవింగ్టన్ టాంకు మ్యూజియంలో ఉన్న 131 నంబరు టైగర్ ఇప్పటికీ నడుస్తుంది. 1943 ఏప్రిల్‌లో ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో గుళ్లు తగిలి టరెట్ తిరగకుండా బిగుసుకుపోతే, సిబ్బంది దాన్ని వదిలి పారిపోయారు. ఆ యుద్ధరంగంలో మనవాళ్లూ ఉన్నారు. మరుసటి నెలలో జర్మన్ సేనాని ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయింది 4వ భారత డివిజనుకే. ఆ టైగర్‌ను 1943 అక్టోబరులో ఇంగ్లండుకు తెచ్చి, విప్పి, కొలిచి నివేదిక రాశారు. ఆ నివేదిక ఆధారంగా 1986లో ఒక పుస్తకం వచ్చింది. 2011లో హేన్స్ సంస్థ మోటారు కార్ల మరమ్మతు పుస్తకాల తరహాలో ఈ టాంకు మీదే మరో పుస్తకం వేసింది. లోపలి భాగాలు చూడాలంటే అంతకన్నా మంచిది లేదు. అయితే మ్యూజియం టాంకు కూడా పూర్తి సాక్షి కాదు. దాని మీది రంగు తరువాత మళ్లీ వేసినదే. నడిపించడం కోసం అసలు ఇంజనుకు బదులు వేరే టాంకు ఇంజను బిగించారు.

దీన్ని పట్టుకున్నది 1943 ఏప్రిల్ 21న జెబెల్ జాఫా దగ్గరని చాలా ఏళ్లపాటు పుస్తకాలన్నీ రాశాయి. సైనికుల జ్ఞాపకాలను, పాత ఫొటోలను, రికార్డులను పోల్చి చూసిన ఇటీవలి పరిశోధనలో అది ఏప్రిల్ 24న గెరియత్ ఎల్ అతాష్ అనే మరో గుట్ట దగ్గరని తేలింది. మీకు దొరికిన పాత పుస్తకంలో 21 అని ఉంటే పారేయకండి. మిగతా కొలతలు బాగానే ఉంటాయి. పెన్సిలుతో పక్కన 24 అని రాసుకోండి.